ఏ జీవి ఏ రాజ్యమో మనమే తేల్చుకోవడం ఎలా? కల్లు లొట్టి, పల్లి చేను, బత్తాయి తోట సాక్షిగా

తొమ్మిదో తరగతి పిల్లల్ని ఎవరినైనా ఆపి జీవుల రాజ్యాలు (జీవులన్నిటినీ పంచిన పెద్ద గుంపులు) ఎన్ని అని అడగండి, మొనీరా, ప్రొటిస్టా, ఫంగై (శిలీంధ్రాలు, అంటే బూజు, పుట్టగొడుగుల లాంటివి), ప్లాంటే (మొక్కలు), ఏనిమేలియా (జంతువులు) అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. అదే పిల్లలకు చెరువు తూము దగ్గర రాళ్ల మీద పట్టిన పాకురు చూపించి ఇది ఏ రాజ్యం అంటే నోరు పెగలదు. తప్పు పిల్లలది కాదు. పట్టిక బట్టీ పట్టిస్తున్నాం, ఎదురుగా ఉన్న జీవిని ఆ పట్టికలో ఎక్కడ పెట్టాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు. నేను ఇక్కడ రాసేదంతా ఆ పని గురించే. నల్గొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు రోజూ కళ్లబడే వాటితోనే చెప్తాను. ఈ పాఠానికి సముద్రం ఒడ్డు అక్కర్లేదు, ఒక చెరువు, ఒక చెల్క, ఒక గుట్ట ఉంటే చాలు.

ముందు మూడు అలవాట్లు మానుకోవాలి: పచ్చగా ఉంటే మొక్క అనుకోవడం, కదిలితే జంతువు అనుకోవడం, నేలలోంచి మొలిస్తే అదీ ఒక రకం మొక్కే అనుకోవడం. చెరువు నీళ్లలో ఉండే యూగ్లీనా అనే ఒంటి కణం జీవి పచ్చగానే ఉంటుంది, కానీ కశాభంతో (కొరడా లాంటి తోకతో) ఈదుతుంది, వెలుతురు లేకపోతే చుట్టూ ఉన్న నీళ్ల నుంచి తిండి తీసుకుని బతుకుతుంది. కంచెల మీద, చెట్ల మీద పసుపు దారాల్లా అల్లుకునే బంగారు తీగకు ఆకుల్లేవు, పచ్చదనం లేదు, అయినా అది పూలు పూసే మొక్కే. అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకుంటుంది, జంతువు కాదు. పుట్టగొడుగు నేలలోంచే వస్తుంది, మొక్క కాదు. కంటికి మొదట కనిపించేది చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది కాబట్టే కొన్ని ప్రశ్నలు వరుసగా వేసుకోవాలి, వరుస తప్పకూడదు కూడా.

అడగాల్సిన ప్రశ్నలు

మొదటిది, దీనికి కణం ఉందా? లేదంటే అక్కడితో ఆపేయండి, అది వైరస్, ఐదు రాజ్యాల్లో దేనికీ చెందదు. బెండ చేనులో ఆకుల ఈనెలన్నీ పసుపు వలలా తేలే పల్లాకు తెగులు అట్లాంటిదే, తెల్లదోమ మోసుకొస్తుంది. డెంగీ కూడా వైరసే. ప్రోటీన్ తొడుగులో కాస్త జన్యుపదార్థం, అంతే, బతికున్న కణంలోకి దూరితే తప్ప తనంతట తాను పెరగలేదు.

రెండోది, కేంద్రకం ఉందా? జన్యుపదార్థం చుట్టూ పొర ఉండి, కణంలో విడిగా గుండ్రంగా కనిపిస్తే అది నిజకేంద్రక కణం. పొర లేకపోతే కేంద్రకపూర్వ కణం, అంటే నేరుగా మొనీరా, ఇంకో ప్రశ్న అడగాల్సిన పని లేదు. మొత్తం జీవప్రపంచంలో ఇంతకంటే పెద్ద గీత లేదు. బ్యాక్టీరియా, నీలి ఆకుపచ్చ శైవలాలు (పేరుకే శైవలాలు అంటే నాచు, నిజానికి ఇవీ బ్యాక్టీరియానే) ఒక పక్క, మనం, మర్రిచెట్టు, పుట్టగొడుగు, అమీబా అన్నీ ఇంకో పక్క. అమీబా, పెరుగులోని బ్యాక్టీరియా రెండూ కంటికి కనిపించని ఒంటి కణాలే కదా అని ఒకే గాటన కట్టేస్తాం గానీ, వంశం లెక్కన చూస్తే అమీబాకు ఆ బ్యాక్టీరియా కంటే మనమే దగ్గర.

దీన్ని కంటితో చూడాలంటే బడిలో ఉండే మామూలు మైక్రోస్కోప్ చాలు. ఉల్లిగడ్డ పొర ఒకటి తీసి, అయోడిన్ చుక్క వేసి చూస్తే ఇటుకల వరుసలా కణాలు, ప్రతి కణంలో ముదురు రంగు చుక్కగా కేంద్రకం కనిపిస్తాయి. పక్కనే ఇంకో స్లైడ్ మీద పెరుగు కొద్దిగా నీళ్లలో కలిపి పలచగా పూసి, ఆరనిచ్చి, మిథిలిన్ బ్లూ వేసి కడిగి చూడండి. 400 రెట్లు పెంచినా చిన్న చిన్న చుక్కలు, పుల్లలే కనిపిస్తాయి, వాటి లోపల విడిగా ఏ గుండ్రటి భాగమూ ఉండదు. బ్యాక్టీరియా ఎక్కువగా 1 నుంచి 5 మైక్రోమీటర్లు, నిజకేంద్రక కణాలు సాధారణంగా 10 నుంచి 100 మైక్రోమీటర్లు. ఈ రెండు స్లైడ్లు ఒకదాని వెంట ఒకటి చూసిన పిల్లలకు కేంద్రకం సంగతి మళ్లీ చెప్పాల్సిన అవసరం రాదు, అందుకే ఏ సైన్స్ టీచరైనా ఈ పాఠం మొదలుపెట్టేది ఇక్కడ్నుంచే అయితే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం.

మూడోది, ఒకటే కణమా, చాలా కణాలా? కేంద్రకం ఉండి ఒంటి కణంగా బతికేవి చాలావరకు ప్రొటిస్టా. ఈస్ట్ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అది ఏకకణమే అయినా శిలీంధ్రం. ప్రొటిస్టాను చూడాలంటే ఒక సీసాలో చెరువు నీళ్లు పోసి, గుప్పెడు ఎండు వరిగడ్డి వేసి, మూత బిగించకుండా నీడలో కొన్ని రోజులు ఉంచండి. నీళ్ల పైన పలచటి తెట్టు కట్టాక అక్కడి చుక్క తీసి చూస్తే చెప్పు ఆకారంలో పారమీషియంలు శైలికలు (ఒంటి మీది సన్నటి వెంట్రుకల్లాంటివి) ఆడిస్తూ తిరుగుతుంటాయి. అవి తింటున్నది గడ్డిని కుళ్లబెడుతున్న బ్యాక్టీరియాను, అంటే ఆ ఒక్క చుక్కలోనే ఒక రాజ్యం ఇంకో రాజ్యాన్ని మింగుతుంటే చూస్తున్నారన్న మాట.

నాలుగోది తిండి. చాలా కణాలున్న జీవి ఎదురైతే నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే ప్రశ్న ఇదే, అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ విట్టేకర్ 1969లో ఐదు రాజ్యాలు ప్రతిపాదించినప్పుడు దీనికే పెద్ద పీట వేశాడు. మొక్క ఎండతో తన తిండి తాను తయారు చేసుకుంటుంది, జంతువు బయటి తిండిని లోపలికి మింగి అరిగించుకుంటుంది, శిలీంధ్రం ముందు బయటే అరిగించి తర్వాత పీల్చుకుంటుంది. ఈ మూడోది చాలామందికి కొత్తగా ఉంటుంది. తడి తగిలిన జొన్నరొట్టెను డబ్బాలో మర్చిపోతే తెల్ల పోగులు లేచి వాటి కొసల్లో నల్ల చుక్కలు వస్తాయి కదా, ఆ పోగులు ఎంజైములను రొట్టె మీదికి వదిలి, పిండిపదార్థాన్ని అక్కడే విడగొట్టి, కరిగినదాన్ని గోడల గుండా లోపలికి లాక్కుంటాయి. నోరు లేదు, కడుపు లేదు. భూతద్దంతో చూడండి గానీ ముక్కు దగ్గర పెట్టుకోకండి, ఆ నల్ల చుక్కల నిండా సిద్ధబీజాలే (కొత్త బూజుగా మొలిచే పొడి గింజల్లాంటివి).

ఐదోది కణం గోడ దేనితో కట్టుకుంది అన్నది. ఇది ఇంట్లో తేల్చేది కాదు, కానీ నాలుగు ప్రశ్నలకూ లొంగనివి దీనికి లొంగుతాయి. మొక్కల గోడ సెల్యులోజ్, శిలీంధ్రాలది కైటిన్, బ్యాక్టీరియాలో చాలావాటిది పెప్టిడోగ్లైకాన్, జంతు కణానికి గోడే లేదు. పెన్సిలిన్ పనిచేసేది ఈ తేడా మీదే: పెప్టిడోగ్లైకాన్ గోడ కట్టనివ్వకుండా అడ్డుకుంటుంది, మన కణాలకు ఆ గోడ లేదు కాబట్టి మనకు దెబ్బ తగలదు. వైరస్‌కూ ఆ గోడ లేదు, అందుకే జలుబుకు యాంటీబయాటిక్ వేసుకుంటే ఏమీ ఒరగదు.

చెరువు దగ్గర

వానాకాలం దాటాక ఏ చెరువుకైనా వెళ్లండి, నీళ్ల మీద పచ్చగా కనిపించేదంతా నాచు అనేస్తాం, నిజానికి అందులో రెండు మూడు రాజ్యాలు ఉండొచ్చు. ఒక పుల్ల తీసుకుని ఆ పచ్చదనంలో పెట్టి పైకి లేపండి. వెంట్రుకల్లా పుల్లకు చుట్టుకుని వేలాడితే స్పైరోగైరా లాంటి పోగుల ఆకుపచ్చ శైవలం, విట్టేకర్ లెక్కలో మొక్కల రాజ్యం. పుల్లకు ఏమీ అంటకుండా, పెయింట్ ఒలికినట్టు నీళ్ల మీద చెదిరిపోతే నీలి ఆకుపచ్చ శైవలం అయ్యే అవకాశం ఎక్కువ, అంటే మొనీరా. పత్రహరితం ఉంటుంది, ఎండతో తిండి చేసుకుంటుంది, కానీ హరితరేణువు (మొక్క కణంలో పత్రహరితం ఉండే చిన్న గది) లేదు, కేంద్రకం లేదు. చిన్న చిన్న ఆకులు, కింద వేళ్లు కనిపిస్తే అసలు శైవలమే కాదు, నీటి మొక్క. రెండో రకం తెట్టు కట్టిన చోట పశువులను నీళ్లకు తోలకండి, వీటిలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే విషాలు తయారు చేస్తాయి.

అక్కడే గట్టు మీద కుట్టే దోమ జంతు రాజ్యం, అది మోసుకొచ్చే మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ప్రొటిస్టా. ఆ పరాన్నజీవి దోమ పొట్టలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే.

ఒకే చోట రెండు రాజ్యాలు

వర్గీకరణలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఒక పేరుతో పిలిచే వస్తువులో రెండు రాజ్యాలు కలిసి ఉంటే ఏం చేయాలి?

కల్లు తీసుకోండి. పొద్దున తాటిచెట్టు మీద నుంచి దించినప్పుడు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి పుల్లగా అయిపోతుంది. లొట్టిలో చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేది ఈస్ట్, అంటే శిలీంధ్రం. ఈస్ట్ ఒక్కటే కాదు, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా అదే పని చేస్తుంది, ఆ తర్వాత పులుపు తెచ్చేది లాక్టిక్, అసిటిక్ ఆమ్ల బ్యాక్టీరియా. లొట్టి లోపల సున్నం పూస్తే నీరా (పులవని తియ్యటి కల్లు) తియ్యగానే నిలవడానికి కారణం ఆ క్షారగుణంలో రెండు రాజ్యాల వాళ్లూ సరిగా పెరగలేకపోవడం. ఇడ్లీ పిండి పొంగేది ఈస్ట్ వల్లే అనుకుంటారు చాలామంది, అక్కడ ప్రధానంగా పని చేసేది మాత్రం బ్యాక్టీరియానే.

పల్లి చేను పూత మీద ఉన్నప్పుడు ఒక మొక్కను మట్టితో సహా జాగ్రత్తగా తవ్వి వేళ్లు కడగండి. చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి, లోపల గులాబీ ఎరుపు రంగు ఉంటే అందులోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందని అర్థం. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్ వల్ల, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమే అది. వరి మడిలో వేసే అజొల్లా కూడా అంతే, అది ఫెర్న్ జాతి మొక్క, దాని ఆకుల గదుల్లో అనబీనా అనే నీలి ఆకుపచ్చ శైవలం కాపురం ఉంటుంది. ఇట్లాంటి చోట రెంటినీ విడివిడిగా రాయాలి: పల్లి మొక్క ప్లాంటే, బుడిపెలోది మొనీరా.

విడదీయడానికి వీల్లేనట్టు కలిసిపోయినవి లైకెన్లు. దేవరకొండ కోట దారిలోనో భువనగిరి గుట్ట మీదో రాయికి అతుక్కుని బూడిద రంగు, పసుపు రంగు మచ్చలు ఉంటాయి, గోటితో గీకినా రావు. అది రాయి రంగు కాదు, శిలీంధ్రం, దాని పోగుల మధ్య శైవలమో నీలి ఆకుపచ్చ శైవలమో. ఒకటి చోటు, తడి ఇస్తుంది, ఇంకొకటి తిండి చేసి పెడుతుంది. బిర్యానీ మసాలాలో వేసే రాతి పువ్వు కూడా లైకెనే, కిరాణా షాపులో పది రూపాయలకు తెచ్చి పిల్లల చేతిలో పెట్టొచ్చు. లైకెన్‌కు పేరు పెట్టేటప్పుడు అందులోని శిలీంధ్రం పేరునే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి రాజ్యం ఏదని గట్టిగా అడిగితే శిలీంధ్రాలు అని రాయండి, పక్కన భాగస్వామి పేరు కూడా రాయండి.

పాలమూరు పిల్లలమర్రి సంగతి మీకు తెలిసిందే, దాదాపు 700 ఏళ్లని చెప్పుకునే మర్రి, మూడెకరాలకు పైగా పరుచుకుంది, 2018లో చెదలు తొలుస్తుంటే కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. మర్రి ప్లాంటే, చెద ఏనిమేలియా, అంతవరకు తేలికే. మన వైపు నేలలో పుట్టలు పెట్టే చెదల్లో కొన్ని తెచ్చుకున్న కట్టె ముక్కలను నమిలి, పుట్ట లోపల వాటి మీద ఒక శిలీంధ్రాన్ని పెంచి తింటాయి. తొలకరి వానలకు పుట్టల మీద లేచే పుట్టగొడుగులు ఆ పంటలోంచి బయటికి వచ్చినవే. ఇక్కడ ఇంకో సంగతి, శిలీంధ్రాలు మొక్కల కంటే జంతువులకే దగ్గర అని జన్యువుల పరిశీలనలో తేలింది. మొక్కల్లా పిండిపదార్థం కాకుండా మన కాలేయంలో లాగా గ్లైకోజెన్ నిల్వ చేసుకుంటాయి, వాటి గోడల్లోని కైటినే చెదపురుగు ఒంటి పెంకులోనూ ఉంది.

బత్తాయి తోట చెప్పే కథ

నల్గొండ బత్తాయి రైతులకు బంక కారు తెగులు కొత్త కాదు. మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంది, వేళ్లు కుళ్లుతాయి, చెట్టు వడలిపోతుంది. దీనికి కారణం ఫైటాఫ్తోరా. పోగుల్లా పెరుగుతుంది, తిండిని బయటే అరిగించి పీల్చుకుంటుంది, కాబట్టి నా నాలుగు ప్రశ్నలూ వేస్తే శిలీంధ్రం అనే వస్తుంది. విట్టేకర్ కూడా ఈ గుంపును శిలీంధ్రాల్లోనే పెట్టాడు. ఐదో ప్రశ్న దగ్గర తిరగబడుతుంది: దాని గోడలో ప్రధానంగా ఉండేది కైటిన్ కాదు, సెల్యులోజ్, దానికి దగ్గరి గ్లూకాన్లు. ఈత కొట్టే సిద్ధబీజాలు ఉంటాయి, వాటికి రెండు కశాభాలు, అందుకే మొదళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే తెగులు చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. జన్యువులు చూస్తే గోధుమ రంగు శైవలాల బంధువు. ఇప్పుడు దీన్ని శిలీంధ్రాల నుంచి బయటికి తీసేశారు.

ఇది పుస్తకాల గొడవ మాత్రమే అనుకోకండి. అసలైన శిలీంధ్రాల మీద బాగా పనిచేసే కార్బెండజిమ్ దీని మీద పనిచేయదు. దీనికి మెటలాక్సిల్ లాంటివి వేరే ఉన్నాయి, మొదలుకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తారు. రాజ్యం తప్పుగా అనుకుంటే డబ్బూ పోతుంది, చెట్టూ పోతుంది.

గోబర్ గ్యాస్ దగ్గర ఐదు రాజ్యాలు చాలవు

రాజ్యాల లెక్క మొదట్నుంచీ మారుతూనే ఉంది. 1735లో లిన్నేయస్ జీవులకు రెండే రాజ్యాలన్నాడు, మొక్కలు, జంతువులు. 1866లో హెకెల్ ప్రొటిస్టాను విడదీశాడు, 1938లో కోప్‌లాండ్ బ్యాక్టీరియాకు వేరే రాజ్యం ఇచ్చి నాలుగు చేశాడు, 1969లో శిలీంధ్రాలను కూడా విడదీసి విట్టేకర్ ఐదు చేశాడు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోముల్లోని (కణంలో ప్రోటీన్లు తయారు చేసే భాగాల్లోని) ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూస్తే, మీథేన్ తయారు చేసే సూక్ష్మజీవులు మామూలు బ్యాక్టీరియాకు చాలా దూరమని బయటపడింది. కేంద్రకం లేదు కాబట్టి మొనీరాలో వేసేశాం, కానీ వాటి గోడలో పెప్టిడోగ్లైకాన్ లేదు, కణత్వచంలోని (కణం చుట్టూ ఉండే పలచటి పొరలోని) కొవ్వులు కూడా వేరే తీరు. వాటికి ఆర్కియా అని పేరు పెట్టి, 1990లో రాజ్యాలకు పైన మూడు డొమైన్లు చేశారు: బ్యాక్టీరియా, ఆర్కియా, యూకేరియా. మీ ఊళ్లో ఎవరింట్లోనైనా గోబర్ గ్యాస్ ఉంటే పొయ్యిలో నీలి మంట ఇస్తున్నది ఆర్కియా చేసిన మీథేనే. బర్రె కడుపులోనూ, నీళ్లు నిలిచిన వరి మడి బురదలోనూ అవే ఉంటాయి.

పరీక్ష రాసే పిల్లలకు ఒక మాట. బడిలో, ఇంటర్‌లో అడిగేది విట్టేకర్ ఐదు రాజ్యాలే, జవాబు అట్లాగే రాయండి, ఫైటాఫ్తోరా, ఆర్కియా గొడవ అక్కడ తీయకండి. డొమైన్ల గురించి విడిగా అడిగితే అప్పుడు వోస్ పేరు, 1990 రాయండి.

చేనులో తెగులు కనిపిస్తే

టమాట మొక్క ఉన్నట్టుండి వాడిపోతే, మొదలు దగ్గర కాండం కోసి ఒక గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, కోసిన కొసను నీళ్లకు తగిలేలా కదపకుండా పట్టుకోండి. కొద్దిసేపట్లో పాల దారంలాంటిది కిందికి జారితే బ్యాక్టీరియా, శిలీంధ్రాల మందు కొట్టి లాభం లేదు. ధార రాకపోతే శిలీంధ్రం కావొచ్చు, మచ్చల మీద భూతద్దం పెట్టి పోగులు, పొడి ఉన్నాయేమో వెతకండి. పోగులూ లేవు, ధారా లేదు, ఆకులు మాత్రం ముడతలు, పసుపు చారలతో ఉన్నాయంటే వైరస్‌ను అనుమానించాలి, అప్పుడు ఆపాల్సింది దాన్ని మోసుకొచ్చే పురుగును.

అప్పటికీ తేలకపోతే కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికో, పాలెం వ్యవసాయ పరిశోధన స్థానానికో నమూనా తీసుకెళ్లండి. పూర్తిగా ఎండిపోయిన ఆకు వద్దు, సగం పచ్చగా సగం మచ్చగా ఉన్నది తీయండి, వేరు కుళ్లైతే కాస్త మట్టితో సహా తీయండి. ఆకులను కాగితంలో చుట్టండి, తడిగా ప్లాస్టిక్ కవర్లో కుక్కారంటే దారిలోనే వేరే బూజు పట్టి, అసలు తెగులు దాని కింద కనపడకుండా పోతుంది.